డర్బన్ నగరం: పర్యాటక ఆకర్షణలు, ఒక రోజు యాత్రలు

పాఠ్యభాగం లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:

- పర్యాటక ఆకర్షణలోని మూడు అంగాలను ఉదాహరణలతో వివరించగలుగుతారు.
- డర్బన్ నగరంలోను, దాని పరిసరాల్లోను ఉన్న ముఖ్య ఆకర్షణలను వర్గీకరించగలుగుతారు.
- దూరం, కాలం, రుతువు ఆధారంగా ఒక రోజు యాత్రను రూపొందించగలుగుతారు.
- ఒక యాత్రా ప్రణాళికలో ఎవరి చరిత్ర చేరింది, ఎవరిది చేరలేదు అని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ రైల్వే స్టేషన్‌లో చూడటానికి ఏముంది? ఎర్ర ఇటుకలతో కట్టిన పాత భవనం ఉంది. ప్లాట్‌ఫారం ఉంది. అలాంటి స్టేషన్లు ప్రపంచంలో వందలాది ఉన్నాయి. అయినా మన దేశం నుంచి డర్బన్ వెళ్ళినవారిలో చాలామంది సుమారు 80 కిలోమీటర్లు ప్రయాణం చేసి మరీ ఆ స్టేషన్‌ను చూసి వస్తారు. 1893 జూన్ 7 రాత్రి మొదటి తరగతి టికెట్టు చేతిలో ఉన్నా మోహన్‌దాస్ కరంచంద్ గాంధీని రైలు నుంచి దింపేసింది అక్కడే. ఆ సంగతి తెలియని ప్రయాణికుడికి అది ఉత్త స్టేషన్. తెలిసినవాడికి అది యాత్రాస్థలం.

అంటే ఒక స్థలం తనంతట తానే పర్యాటక ఆకర్షణ కాదు, ఎవరో దానిని ఆకర్షణగా చేస్తారు. ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు, ఏ స్థలాలను వదిలేస్తారు అన్న ప్రశ్నలకు డర్బన్ నగరాన్ని ఉదాహరణగా తీసుకొని సమాధానాలు వెతకడమే ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

2. మౌలిక భావనలు

2.1 ఆకర్షణలోని మూడు అంగాలు

అమెరికా సామాజిక శాస్త్రవేత్త డీన్ మెకానెల్ 1976లో వెలువడిన 'ది టూరిస్ట్' అనే గ్రంథంలో ఆకర్షణ అంటే వస్తువు కాదనీ, ఒక సంబంధమనీ ప్రతిపాదించాడు. ఆ సంబంధంలో మూడు అంగాలున్నాయి: చూసే మనిషి, చూసే స్థలం, ఆ స్థలం గురించి సమాచారమిచ్చే సూచిక. 1990లో నీల్ లైపర్ ఈ భావనను మరికొంత విస్తరించి, ఆకర్షణను ఒక వ్యవస్థగా వివరించాడు.

ఇందులో 'సూచిక' అన్న మాటను మీరు జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. స్థలం దగ్గర పాతిన శిలాఫలకం ఒక్కటే సూచిక కాదు. పాఠ్యపుస్తకంలోని పేరా, ప్రయాణ సంస్థ కరపత్రం, మార్గదర్శకుడి మాట, వెళ్ళివచ్చిన బంధువు చూపిన ఫొటో, ఇవన్నీ సూచికలే. పీటర్‌మారిట్జ్‌బర్గ్ విషయంలో మన బడి పుస్తకాలే తొలి సూచికలు. స్టేషన్‌లోని ఫలకం ఆ తరవాతిది.

2.2 పర్యాటకుడు, ఒకరోజు సందర్శకుడు

అంతర్జాతీయ గణాంకాల్లో వాడే నిర్వచనం ప్రకారం, వెళ్ళినచోట కనీసం ఒక రాత్రి బస చేసినవాడు పర్యాటకుడు. రాత్రి బస చేయకుండా తిరిగి వెళ్ళేవాడు ఒకరోజు సందర్శకుడు. డర్బన్‌లో నాలుగు రాత్రులు బస చేసి, అందులో ఒక పగలు పీటర్‌మారిట్జ్‌బర్గ్ చూసివచ్చిన వ్యక్తి డర్బన్‌కు పర్యాటకుడు, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కు ఒకరోజు సందర్శకుడు.

ఈ తేడా ఆర్థికంగా ముఖ్యమైనది. పర్యాటకుడి ఖర్చులో గది అద్దె, రాత్రి భోజనం పెద్ద పద్దులు. అవి బస చేసిన ఊరికే చెందుతాయి. ఒకరోజు సందర్శకుడు వచ్చిన ఊళ్ళో మిగిల్చేది ప్రవేశ రుసుము, మధ్యాహ్న భోజనం, స్థానిక మార్గదర్శకుడి కూలి, కొన్న జ్ఞాపికలు మాత్రమే. ఇవి కూడా లేకపోతే ఆ ఊరికి మిగిలేది బస్సు రేపిన దుమ్మే.

3. డర్బన్ నగర పరిచయం

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ రాష్ట్రంలో, హిందూ మహాసముద్ర తీరాన ఉన్న పెద్ద ఓడరేవు నగరం డర్బన్. దీని మహానగర పాలక సంస్థ పేరు ఎథెక్విని. 2022 జనాభా లెక్కల్లో ఈ మహానగర జనాభా 42 లక్షలకు పైగా నమోదయింది. జులూలు అధిక సంఖ్యాకులు. ఆఫ్రికా ఖండంలో భారతీయ సంతతి అత్యధికంగా ఉన్న నగరాల్లో ఇది ఒకటి.

తీరం వెంబడి వెచ్చని అగుల్హస్ సముద్ర ప్రవాహం సాగడం వల్ల ఇక్కడ చలికాలం తేలికగా ఉంటుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నందువల్ల రుతువులు మనకు తారుమారుగా వస్తాయని మరవకండి. నవంబరు నుంచి మార్చి వరకు ఎండ, ఉక్కపోత, వానలు. జూన్ నుంచి ఆగస్టు వరకు పొడి వాతావరణం. యాత్రలకు ఇదే అనుకూలమైన కాలం. అయితే జూన్‌లో సాయంత్రం 5 గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. ప్రణాళిక వేసేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

4. నగరంలోని ఆకర్షణలు

4.1 సముద్ర తీరం

'గోల్డెన్ మైల్' అని పిలిచే తీరం డర్బన్‌కు ప్రధాన ఆకర్షణ. దక్షిణపు కొసన 2004లో తెరిచిన ఉషాకా మెరైన్ వరల్డ్ ఉంది. ఇందులో సముద్ర జీవుల ప్రదర్శనశాల, నీటి ఆటల ప్రాంగణం ఉన్నాయి. ఉత్తరాన 2010 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీల కోసం కట్టిన మోసెస్ మభిడా స్టేడియం ఉంది. దాని మీద 106 మీటర్ల ఎత్తున లేచిన కమాను నగరంలో చాలా చోట్ల నుంచి కనిపిస్తుంది. మోసెస్ మభిడా కార్మిక నాయకుడు, కమ్యూనిస్టు పార్టీ నేత.

ఈ తీరాన పూసలు, కొమ్ములతో అలంకరించుకున్న రిక్షావాళ్ళను మీరు చూస్తారు. 1890లలో డర్బన్‌కు రిక్షా వచ్చింది. అప్పట్లో అది రవాణా సాధనం. పల్లెల నుంచి వచ్చిన జులూ యువకులకు అది కూలి పని. నేడు కొద్దిమందే మిగిలారు, వారి రిక్షా ఎక్కడికీ చేర్చేది కాదు, ఫొటో దిగడానికి ఎక్కేది. ఒకప్పటి శ్రమ ఆకర్షణగా మారడానికి ఇది చక్కని ఉదాహరణ.

ఇదే ఇసుకకు మరో చరిత్ర ఉంది. వర్ణ వివక్ష పాలనలో ఈ తీరాన్ని జాతులవారీగా విభజించారు. తెల్లవారికి నడిబొడ్డున మంచి తీరం, భారతీయులకు, ఆఫ్రికన్లకు వేరుగా కేటాయించిన భాగాలు. ఫలానా భాగం తెల్ల జాతివారికి మాత్రమే అని ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్, జులూ భాషల్లో బోర్డులు ఉండేవి. 1989లో తీరాలు అందరికీ తెరిచారు. 1953 నాటి ప్రత్యేక సౌకర్యాల చట్టాన్ని 1990లో రద్దు చేశారు. ఈనాడు అక్కడ పిల్లలు గాలిపటాలు ఎగరేసే దృశ్యం వెనక ఇంత సంఘర్షణ ఉంది.

పర్యావరణ సమస్యను కూడా గుర్తించాలి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన వరదల్లో ఈ రాష్ట్రంలో 400 మందికి పైగా మరణించారు. మురుగునీటి శుద్ధి వ్యవస్థ దెబ్బతిని, కలుషిత జలాలు సముద్రంలో చేరడంతో స్నానాలకు తీరాలను పలుమార్లు మూసివేయవలసి వచ్చింది. మురుగు కాలువ పాడైతే హోటల్ గది ఖాళీ అవుతుంది. నగర మౌలిక వసతులు, పర్యాటకం వేరువేరు శాఖలు కావు.

4.2 గ్రే స్ట్రీట్ ప్రాంతం, మార్కెట్లు

ఒకప్పటి గ్రే స్ట్రీట్ నేడు డాక్టర్ యూసుఫ్ దాదూ వీధి. భారతీయ వర్తకుల దుకాణాలతో ఎదిగిన ఈ ప్రాంతంలో జుమ్మా మసీదు, ఇమ్మాన్యుయేల్ క్రైస్తవ దేవాలయం దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. వాటి మధ్య ఇరుకైన మదరసా ఆర్కేడ్ దుకాణాల వరస ఉంటుంది. విక్టోరియా స్ట్రీట్ మార్కెట్‌లో మసాలా పొడులు రాశులు పోసి అమ్ముతారు. పక్కనే వార్విక్ కూడలిలో జులూ నాటు మందుల మార్కెట్‌తో సహా అనేక మార్కెట్లు ఉన్నాయి. ఇది రోజూ లక్షలాది మంది ప్రయాణికులు బస్సులు, రైళ్ళు, మినీబస్సు టాక్సీలు మారే చోటు. స్థానిక మార్గదర్శకుడితో ఉదయం పూట చూడటం మంచిది.

ఇక్కడ రుచి చూడవలసింది బన్నీ చౌ. బ్రెడ్డు ముక్కను లోపల తొలిచి, అందులో కూర నింపి ఇస్తారు. డర్బన్ భారతీయులు సృష్టించిన ఈ తిండి ఇప్పుడు దక్షిణాఫ్రికా అంతటా దొరుకుతుంది.

4.3 క్వాముహ్లే మ్యూజియం, వృక్షోద్యానం

క్వాముహ్లే మ్యూజియం ఉన్న భవనం వలస పాలనలో ఆఫ్రికన్ల వ్యవహారాల కార్యాలయం. నగరంలో పని చేయడానికి ఆఫ్రికన్లు అనుమతి పత్రాల కోసం బారులు తీరింది ఇక్కడే. 20వ శతాబ్ది ఆరంభంలో నగర పాలక సంస్థ ఆఫ్రికన్ల సంప్రదాయ సారాను తయారుచేసి అమ్మే హక్కును తన గుప్పిట్లో పెట్టుకుంది. ఆ ఆదాయంతోనే వారిని అదుపు చేసే యంత్రాంగాన్ని నడిపింది. చరిత్రకారులు దీన్ని 'డర్బన్ పద్ధతి' అంటారు. అణచివేత ఖర్చును అణగినవారి చేతనే కట్టించిన ఆ విధానాన్ని, అది అమలైన గదుల్లోనే ప్రదర్శిస్తున్నారు.

1849లో నెలకొల్పిన డర్బన్ వృక్షోద్యానం ఆఫ్రికాలో మిగిలి ఉన్న అత్యంత పురాతన వృక్షోద్యానంగా పేరుపొందింది. జాన్ మెడ్లీ వుడ్ 1895లో ఎన్‌గోయే అడవిలో గుర్తించిన ఒక సైకడ్ జాతి మొక్కలు ఇక్కడ ఉన్నాయి. ఈ జాతిలో దొరికింది ఒకే ఒక్క మగ చెట్టు. నేడు ప్రపంచంలో ఉన్నవన్నీ దాని పిలకల నుంచి వచ్చినవే. ఆడ చెట్టు ఇంతవరకు కనబడలేదు. సూచిక లేకపోతే ఇది ఈత చెట్టును పోలిన మరో మొక్కగా మన కంటి ముందు నుంచి జారిపోతుంది.

> మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
> 1. మీ ఊరికి దగ్గరలో ఉన్న ఒక ఆకర్షణను తీసుకొని, అందులోని మూడు అంగాలను గుర్తించండి.
> 2. డర్బన్ రిక్షా విషయంలో శ్రమ ఆకర్షణగా ఎలా మారింది?

5. డర్బన్ నుంచి ఒక రోజు యాత్రలు

5.1 కాలగణన

ఒక రోజు యాత్రకు అసలు హద్దు దూరం కాదు, పగటి వెలుగు. ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు 9 గంటలు మన చేతిలో ఉంటాయి. ఇందులో మూడో వంతు, అంటే 3 గంటల కంటే ఎక్కువ ప్రయాణానికి పోతే యాత్ర అలసటగా మారుతుంది. ఈ పాఠంలో మనం ఈ కొలతనే వాడదాం. రానుపోను 3 గంటలంటే ఒక వైపు గంటన్నర. మంచి రహదారి మీద అది సుమారు 110 కిలోమీటర్ల దూరం. మిగిలిన 6 గంటల్లో భోజనానికి ఒక గంట తీసేస్తే 5 గంటలు ఉంటాయి. గంటన్నర చొప్పున మూడు స్థలాలు చూడవచ్చు. నాలుగోది చేర్చారంటే నాలుగింటినీ సరిగా చూడలేదని అర్థం.

మూడే స్థలాలు అన్నప్పుడు ఎంపిక తప్పదు. యాత్రా ప్రణాళిక రాసేవాడి బాధ్యత ఇక్కడే మొదలవుతుంది.

5.2 ఇనాండా మార్గం

నగరానికి వాయవ్యంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇనాండాలో మూడు ముఖ్య స్థలాలు ఉన్నాయి. మొదటిది ఫీనిక్స్ ఆశ్రమం. 1904లో గాంధీ 100 ఎకరాలు కొని దీన్ని స్థాపించి, 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక ముద్రణాలయాన్ని ఇక్కడికి మార్చాడు. 1985 అల్లర్లలో ఆశ్రమ భవనాలు దగ్ధమయ్యాయి. వాటిని పునర్నిర్మించి 2000లో తిరిగి తెరిచారు. మీరు చూసే ఇల్లు గాంధీ కాపురమున్న అసలు ఇల్లు కాదు, దాని పునర్నిర్మాణం. మార్గదర్శకుడు ఈ విషయం సందర్శకులకు చెప్పి తీరాలి.

రెండోది ఓహ్లాంగే విద్యాసంస్థ. జాన్ లాంగలిబలేలే డూబే 20వ శతాబ్ది తొలి రోజుల్లో దీన్ని నెలకొల్పాడు. 1912లో ఏర్పడి తరవాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌గా పేరు మార్చుకున్న సంస్థకు ఆయనే తొలి అధ్యక్షుడు. 1994 ఏప్రిల్ 27న నెల్సన్ మండేలా తన జీవితంలో తొలి ఓటు వేయడానికి ఎంచుకున్నది ఈ విద్యాసంస్థనే. డూబే సమాధి కూడా ఇక్కడే ఉంది. మూడోది 1869లో ఆఫ్రికన్ బాలికల కోసం స్థాపించిన ఇనాండా సెమినరీ.

మన దేశం నుంచి వెళ్ళే బృందాలు ఫీనిక్స్ చూసి వెనక్కి మళ్ళడం అనుకోదగిన ప్రమాదమే. కొద్ది దూరంలో ఉన్న ఓహ్లాంగేను వదిలేస్తే, గాంధీ ఎవరూ లేని బీడులో ఒంటరిగా నిలబడినట్టు కనిపిస్తాడు. 1903లో గాంధీ వర్గం 'ఇండియన్ ఒపీనియన్' ప్రారంభిస్తే, అదే ఏడు డూబే జులూ పత్రిక 'ఇలాంగా లసే నటాల్' ప్రారంభించాడు. ఒకే కొండల మీద రెండు పత్రికలు, రెండు పోరాటాలు. రెంటినీ కలిపి చూపినప్పుడే ఆ ప్రాంతం అర్థమవుతుంది.

ఇనాండా పేద ప్రాంతం. ఇక్కడికి వచ్చేవారు దాదాపు అందరూ ఒకరోజు సందర్శకులే. అందువల్ల స్థానిక మార్గదర్శకుడిని పెట్టుకోవడం, మధ్యాహ్న భోజనం అక్కడే చేయడం వంటి చిన్న నిర్ణయాలకు పెద్ద విలువ ఉంటుంది. భద్రత రీత్యా కూడా స్థానికులు తోడుగా ఉండటం అవసరం.

5.3 పీటర్‌మారిట్జ్‌బర్గ్ – హోవిక్ మార్గం

ఈ యాత్రకు రెండు దారులున్నాయి. పెద్ద రహదారి మీద గంటలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ చేరవచ్చు. వెయ్యి కొండల లోయ మీదుగా వెళ్ళే పాత దారి నెమ్మదైనది, అందమైనది. 1921 నుంచి సాగుతున్న కామ్రేడ్స్ మారథాన్ ఈ రెండు నగరాల మధ్యే జరుగుతుంది. సుమారు 90 కిలోమీటర్ల దూరాన్ని పరుగెత్తేవారు ఒక రోజులో పూర్తిచేస్తారు.

స్టేషన్ చూశాక హోవిక్ వెళ్ళాలి. అక్కడ ఉమ్‌గేని నది 95 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. జలపాతానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో మరో స్థలం ఉంది. 1962 ఆగస్టు 5న కారు డ్రైవరు వేషంలో ప్రయాణిస్తున్న మండేలాను పోలీసులు అరెస్టు చేసింది ఆ రోడ్డు మీదే. ఆ తరవాత 27 ఏళ్ళకు పైగా ఆయన జైలులో గడిపాడు. అరెస్టుకు 50 ఏళ్ళు నిండిన సందర్భంగా 2012లో శిల్పి మార్కో చాన్‌ఫనెల్లి అక్కడ 50 ఉక్కు స్తంభాలు నిలబెట్టాడు. దగ్గర నుంచి చూస్తే అవి పొడవాటి ఊచలు. సుమారు 35 మీటర్ల దూరంలో ఒక నిర్దిష్ట స్థానంలో నిలబడితే వాటి మధ్య మండేలా ముఖం రూపు కడుతుంది.

జలపాతం, రోడ్డు పక్క స్థలం – ఈ రెంటినీ పోల్చి చూడండి. జలపాతానికి సూచిక లేకపోయినా మనుషులు ఆగి చూస్తారు. రోడ్డు పక్క స్థలానికి సూచికే ప్రాణం.

5.4 ఒక రోజుకు లొంగని యాత్రలు

హ్లుహ్లువే-ఇమ్‌ఫోలోజి అభయారణ్యం 1895లో రక్షిత ప్రాంతమైంది. అంతరించిపోయే దశలో ఉన్న తెల్ల ఖడ్గమృగాన్ని కాపాడిన ఘనత దీనిది. డర్బన్ నుంచి సుమారు 280 కిలోమీటర్లు. రానుపోను 6 గంటలకు పైనే. పైగా జంతువులు బాగా కనిపించేది తెల్లవారుజామున, సాయంత్రం. ఒక రోజులో ముగించాలనుకునేవారు నడి ఎండలో, నీడకు చేరిన జంతువులను వెతుకుతూ తిరగవలసి వస్తుంది.

డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాల్లో సాన్ ప్రజలు గీసిన శిలాచిత్రాలున్నాయి. 2000లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడి సాని కనుమ దారి 2,876 మీటర్ల ఎత్తున లెసోతో దేశంలోకి తీసుకువెళ్తుంది. నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే వాహనం కావాలి. పాస్‌పోర్టు, రెండు దేశాల ప్రవేశ నియమాలు ముందే చూసుకోవాలి. ఈ రెండు యాత్రలకూ కనీసం ఒక రాత్రి బస ప్రణాళికలో చేర్చడం ఉత్తమం.

6. సూచిక దొరకని చరిత్ర

1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ 342 మందితో డర్బన్ రేవుకు చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా వచ్చిన తొలి భారతీయులు వీరు. 1911 వరకు ఇలా వచ్చినవారు లక్షా 52 వేల మందికి పైగా. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తమిళులు, తెలుగువారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఆనాటి ఉత్తర ఆర్కాడు జిల్లాల పల్లెలు తెలుగు కూలీల సొంతూళ్ళు.

ఓడ పట్టికల్లో ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు నమోదు చేశారు. నాయుడు అన్న పేరు ఇంగ్లీషు రాతలో మారి, నేడు అక్కడ 'నైడూ'గా వినిపిస్తుంది. 1931లో తెలుగువారు అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. చాలా కుటుంబాల్లో ఇంటి భాష ఇప్పుడు ఇంగ్లీషే.

ఈ చరిత్రను చూడటానికి ఎక్కడికి వెళ్ళాలి? నగరంలో 1860 హెరిటేజ్ సెంటర్ ఉంది. ఉత్తరాన మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో చెరకు తోటల కాలం నాటి గణేశ ఆలయం ఉంది. ఆ చుట్టుపక్కల కూలీలు చెమటోడ్చిన భూముల్లో నేడు గోల్ఫ్ మైదానాలు, విలాసవంతమైన ఇళ్ళు వెలిశాయి. దగ్గరలోని ఉమ్‌హ్లాంగాలో పెద్ద మాల్ ఉంది. అక్కడికి వెళ్ళే సందర్శకుడు సామాన్లు కొని వస్తాడు. తాను నిలబడిన నేల గురించి అతనికి ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

నాయకుడు నడిచిన చోట సూచిక త్వరగా వస్తుంది. సంఖ్యతో పిలిచిన కూలీ నడిచిన చోట ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ఫలకం లేనిచోట మార్గదర్శకుడే సూచిక కావాలి. ఈ కోర్సు పూర్తి చేసి మీలో ఎవరైనా రేపు ప్రయాణ సంస్థలో చేరి డర్బన్ యాత్రకు ప్రణాళిక రాస్తే, ఆ పత్రమే ఒక సూచిక అవుతుంది. మాల్‌కు కేటాయించే రెండు గంటల్లో ఒక గంట గణేశ ఆలయానికి ఇవ్వగల అధికారం మీ చేతిలో ఉంటుంది.

7. సారాంశం

ఆకర్షణ అంటే సందర్శకుడు, స్థలం, సూచిక – ఈ మూడింటి కలయిక. డర్బన్ తీరం, మార్కెట్లు, మ్యూజియం, వృక్షోద్యానం ఈ సూత్రాన్ని భిన్న రీతుల్లో చూపుతాయి. ఒక రోజు యాత్రకు పగటి వెలుగు హద్దు. ప్రయాణం మూడో వంతు మించకుండా చూసుకుంటే మూడు స్థలాలను నిదానంగా చూడవచ్చు. ఆ ఎంపిక వల్ల ఏ ఊరికి ఆదాయం చేరుతుందో, ఎవరి కథ వినిపిస్తుందో నిర్ణయమవుతుంది.

8. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పర్యాటక ఆకర్షణలో సూచిక పాత్రను పీటర్‌మారిట్జ్‌బర్గ్, హోవిక్ ఉదాహరణలతో చర్చించండి.
2. డర్బన్ నుంచి ఇనాండాకు ఒక రోజు యాత్రా ప్రణాళికను కాలగణనతో రూపొందించి, మీ ఎంపికను సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పర్యాటకుడికి, ఒకరోజు సందర్శకుడికి మధ్య తేడా ఏమిటి?
2. 2022 వరదలు డర్బన్ తీర పర్యాటకాన్ని ఎలా దెబ్బతీశాయి?
3. హ్లుహ్లువే-ఇమ్‌ఫోలోజి ఒక రోజు యాత్రకు ఎందుకు అనువు కాదు?